స్ట్రెప్టోకాకస్ ఒంటిమీది గుర్తులు: రెబెకా లాన్స్‌ఫీల్డ్ పనితనం

గొంతునొప్పితో వచ్చిన పిల్లవాడి గొంతులో దూదిపుల్ల తిప్పి, రక్తం కలిపిన అగర్ ప్లేటు మీద గీసి, రాత్రంతా వెచ్చగా ఉంచితే తెల్లారేసరికి దాని మీద చిన్న చిన్న చుక్కలు లేస్తాయి. కొన్ని చుక్కల చుట్టూ ఎరుపు పూర్తిగా పోయి ప్లేటు తేటబడి ఉంటుంది. అక్కడ పెరిగిన బ్యాక్టీరియా ఎర్రరక్తకణాలను కరిగించేసిందన్నమాట. మైక్రోస్కోపులో చూస్తే గుండ్రటి కణాలు గొలుసుకట్టి కనిపిస్తాయి. పేరు స్ట్రెప్టోకాకస్.

1920ల నాటి డాక్టర్లకు ఇంతవరకూ తెలుసు. చిక్కంతా ఆ తర్వాతే. స్కార్లెట్ జ్వరం వచ్చిన పిల్లల్లో దొరికేదీ ఇదే, బాలింత జ్వరంతో పోయిన తల్లుల రక్తంలో దొరికేదీ ఇదే. పొదుగువాపు వచ్చిన ఆవు పాలలోనూ ఉండేది, చీజ్‌లోనూ ఉండేది, ఏ జబ్బూ లేని మనిషి గొంతులోనూ ఉండేది. ప్లేటు మీద అన్నీ ఒక్కలాగే కనబడేవి. వీటిలో మనిషిని చంపేదేది, ఊరికే కాపురముండేదేది అని అడిగితే గట్టిగా చెప్పగలిగినవాళ్లు లేరు.

చెప్పగలిగిన మనిషి న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారైంది. రెబెకా లాన్స్‌ఫీల్డ్. ఇవాళ మన పట్నంలో ఏ ల్యాబ్ రిపోర్టులోనైనా 'గ్రూప్ ఏ స్ట్రెప్' అనో 'గ్రూప్ బి స్ట్రెప్' అనో కనబడితే ఆ అక్షరాలు ఆమె పెట్టినవే. అక్షరాల సంగతి చాలామందికి తెలుసు. ఆమె వాటిని ఎలా రాబట్టిందన్నది మాత్రం పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యానికి కుదించుకుపోయింది. నాకు ముచ్చటగా అనిపించేది ఆ రాబట్టిన తీరే.

ఆమె పుట్టింది 1895లో, న్యూయార్క్ స్టేటన్ ఐలండ్ మీది ఫోర్ట్ వాడ్స్‌వర్త్‌లో. తండ్రి సైనికాధికారి. వెల్జ్‌లీ కాలేజీలో డిగ్రీ చేసి, కొన్నాళ్లు ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పి, కొలంబియాలో హాన్స్ జిన్సర్ దగ్గర బ్యాక్టీరియాలజీ చదివింది. 1918లో ఎం.ఏ. పూర్తయింది, పెళ్లయింది, రాక్‌ఫెలర్‌లో టెక్నీషియన్ ఉద్యోగమూ దొరికింది. ఆస్వాల్డ్ ఏవరీ, ఆల్ఫాన్స్ డోషే అనే ఇద్దరి కింద పని. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది. టెక్సాస్ సైనిక శిబిరాల్లో రోగులైన సిపాయిల నుంచి తెచ్చిన స్ట్రెప్టోకాకస్‌లను ఆ ప్రయోగశాలకు అప్పగించారు. 125 నమూనాలు. అన్నీ ఒకటేనా, రకాలున్నాయా తేల్చాలి. 1919లో వచ్చిన వ్యాసం నాలుగు రకాలను గుర్తించి, నమూనాల్లో డెబ్బై శాతాన్ని వాటిలో సర్దగలిగింది. రాసినవాళ్ల పేర్లలో మూడోది ఆ టెక్నీషియన్‌ది. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

ఆ తర్వాత డబ్బు అయిపోయి పని ఆగింది. కొన్నాళ్లు పండుఈగల జన్యువుల మీద పనిచేసి, భర్తతో ఆరెగాన్ వెళ్లి పాఠాలు చెప్పి, 1922లో తిరిగి రాక్‌ఫెలర్‌కే వచ్చింది. ఈసారి రుమాటిక్ జ్వరం మీద పరిశోధిస్తున్న హోమర్ స్విఫ్ట్ దగ్గర. రక్తపు ప్లేటు మీద పచ్చటి వలయం చేసే ఇంకో జాతి స్ట్రెప్టోకాకస్ ఆ జ్వరానికి కారణమని అప్పట్లో ఒక అనుమానం ఉండేది. ఆమె దాన్ని పరీక్షించి, ఆ ఆధారం నిలబడదని తేల్చింది. 1925లో కొలంబియా ఆమెకు డాక్టరేటు ఇచ్చింది ఆ పనికే. కాదని తేల్చడమే సిద్ధాంత గ్రంథమైంది. దాని తర్వాత మళ్లీ రక్తాన్ని కరిగించే స్ట్రెప్టోకాకస్ దగ్గరికే వచ్చి, చివరిదాకా దాన్ని వదల్లేదు.

ఇక పని సంగతి. బ్యాక్టీరియా పైపొర మీద ఏయే అణువులున్నాయో కంటికి కనబడవు, మైక్రోస్కోపుకూ కనబడవు. ఆనాడు ఆమె చేతిలో ఉన్న పరికరాలు రెండు. ఒకటి కుందేలు రక్తపు సీరం. చంపిన బ్యాక్టీరియాను కుందేలుకు సూదిమందుగా ఇస్తే దాని ఒంట్లో ఆ బ్యాక్టీరియా పైనున్న ఒక్కొక్క అణువుకూ యాంటీబాడీలు పుడతాయి. రెండోది, ఆ అణువులను ఊడదీసే ఆమ్లం.

పెంచిన బ్యాక్టీరియాను అడుగుకు దించి, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలిపి, మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచుతారు. చల్లార్చి, క్షారం చుక్కచుక్కగా వేసి ఆమ్లం విరిచేస్తారు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే బరువైనదంతా కిందికి పోయి, పైన తేటనీరు మిగులుతుంది. దానిలో పైపొర నుంచి ఊడివచ్చిన అణువులుంటాయి. ఆ తేటను కుందేలు సీరంతో కలిపితే, సరిజోడైన యాంటీబాడీ ఉంటే తెల్లటి మసక కడుతుంది. లేకపోతే ఏమీ జరగదు. ఇంతే పరీక్ష. ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు.

అయితే కుందేలు సీరంలో నానారకాల యాంటీబాడీలుంటాయి. మసక కట్టిందంటే దేనివల్ల కట్టిందని? ఇక్కడే పనితనం తెలుస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా మీద తయారుచేసిన సీరంలో వేరే రకం బ్యాక్టీరియాను కలిపి కాసేపుంచితే, రెండిటికీ ఉమ్మడిగా ఉన్న అణువులను పట్టే యాంటీబాడీలు ఆ కణాలకు అంటుకుపోతాయి. వాటిని తీసేస్తే మిగిలిన సీరం మొదటి రకానికి మాత్రమే ప్రత్యేకమైన అణువును పడుతుంది. ఒక్కసారి కలిపితే పోకపోతే మళ్లీ కలపాలి. ఎక్కువసార్లు కలిపితే కావలసినదీ పలచబడుతుంది. ఎక్కడ ఆపాలో ప్రతి సీరానికీ విడిగా చూసుకోవాలి.

ఇలా వడగట్టిన సీరాలతో ఆమె రెండు వేర్వేరు పదార్థాలను విడదీసింది. ఒకటి మనుషుల జబ్బుల నుంచి తీసిన నమూనాలన్నిటిలో ఉమ్మడిగా ఉంది. దానికి సి అని పేరు పెట్టింది. రెండోది ఒక్కో రకానికి ఒక్కోలా ఉంది. దాని పేరు ఎం. ఇవి రసాయనపరంగా ఏమిటి?

పట్టుచీర కొనేటప్పుడు అనుభవమున్నవాళ్లు కొంగులోంచి ఒక పోగు లాగి నిప్పు అంటిస్తారు. వెంట్రుక కాలిన వాసనొస్తే పట్టు, కాగితం కాలిన వాసనొస్తే నూలు. లాన్స్‌ఫీల్డ్ చేసిందీ అదే రకం విచారణ, కాకపోతే నిప్పుకు బదులు ఎంజైములు. పెప్సిన్, ట్రిప్సిన్ అనేవి మన కడుపులో ప్రోటీన్లను అరిగించే ఎంజైములు. ఇవి ప్రోటీన్లను మాత్రమే కోస్తాయి, చక్కెర గొలుసుల జోలికి పోవు. తేటనీటిలో ఈ ఎంజైమును కలిపి కాసేపాగి మళ్లీ సీరంతో పరీక్షిస్తే సి చెక్కుచెదరలేదు. ఎం మాయమైంది. అంటే సి ఒక పాలీశాకరైడు, ఎం ఒక ప్రోటీను.

ఇవాళ చదివితే ఇందులో విశేషమేముంది అనిపిస్తుంది. 1928లో విశేషముంది. అదే భవనంలో ఆమె పాత యజమాని ఏవరీ, మైకేల్ హైడెల్‌బెర్గర్‌తో కలిసి, న్యుమోనియా బ్యాక్టీరియా రకాలను వేరుచేసేది దాని చుట్టూ ఉండే గవుసులోని పాలీశాకరైడేనని ఐదేళ్ల కిందటే నిరూపించాడు. బ్యాక్టీరియా రకాల గుట్టంతా చక్కెరల్లో ఉందన్న ఊపు ఆ సంస్థలో బలంగా వీస్తోంది. ఆమెకు వచ్చిన జవాబు సరిగ్గా దానికి అడ్డం. రకాన్ని చెప్పేది ప్రోటీను, ఉమ్మడిగా ఉన్నది చక్కెర. పెద్దాయన చెప్పినదానికి తన ఫలితాన్ని సర్దే ప్రయత్నం ఆమె వ్యాసాల్లో కనబడదు. ఎదురు తిరిగిన ధ్వనీ కనబడదు. ఎంజైము కోసింది, అది ప్రోటీను అని రాసి ముందుకు వెళ్లిపోయింది. ఆ ఏడాది ఒకే శీర్షిక కింద వరసగా ఐదు వ్యాసాలు వచ్చాయి.

పైపొర అణువుల మీదికి ఎంజైమును పంపడం ఆ భవనంలో ఇంకో చోట కూడా జరిగింది. 1930లో ఏవరీ, రెనే డ్యూబో ఇద్దరూ క్రాన్‌బెర్రీ పొలపు బురదలో దొరికిన ఒక మట్టి బ్యాక్టీరియా నుంచి ఎంజైము తీశారు. అది న్యుమోనియా బ్యాక్టీరియా మూడో రకం గవుసును మాత్రమే కొరికేస్తుంది, వేరే రకాలను ముట్టదు. ఎలుకలకు ఇస్తే ఆ రకం జబ్బు నుంచి కాపాడింది. ఆ ఎంజైము మందుగా మారలేదు గానీ, ఒక ఎంజైము ఎంత సూక్ష్మంగా మనిషి పట్టుకోలేని తేడాను పట్టుకుంటుందో అందరికీ చూపించింది.

లాన్స్‌ఫీల్డ్ మాత్రం సి దగ్గర ఆగి ఆలోచించింది. మనుషుల నమూనాలన్నిటిలో ఒకటే సి ఉంటే, ఆవు పొదుగు నమూనాలో ఏముంది? చీజ్‌లో? 1933లో ఆ ప్రశ్నకు జవాబు అచ్చయింది. మనుషుల నుంచి, పశువుల నుంచి, పాల నుంచి, చీజ్ నుంచి సేకరించిన 106 నమూనాలను ఆమ్లంతో మరిగించి, సీరాలతో పరీక్షించింది. అవి ఐదు గుంపులుగా విడిపోయాయి. మనుషుల జబ్బులవి ప్రధానంగా ఏ. పొదుగువాపువి బి. ఇతర జంతువుల్లో జబ్బు చేసేవి సి (ఇది గ్రూపు పేరు, ఇందాకటి సి పదార్థం కాదు). చీజ్‌వి డి. పాలలోవి ఈ. రక్తపు ప్లేటు మీద ఒకే ముఖంతో కనబడ్డవన్నీ ఒక్కసారిగా ఊరూ పేరూ చెప్పేశాయి.

దీనివల్ల ఏమి ఒరిగిందంటే, రెండేళ్లలోనే రొనాల్డ్ హేర్‌తో కలిసి ప్రసవించిన స్త్రీల నుంచి తీసిన నమూనాలను పరీక్షించింది. తీవ్రమైన బాలింత జ్వరం తెచ్చేవి ఏ గ్రూపువి. హాని చెయ్యకుండా ఊరికే ఉండేవి చాలామటుకు వేరే గ్రూపులవి. ప్రసవ వార్డులో దేనికి భయపడాలో తేలింది.

ఏ, సి గ్రూపుల చక్కెరల మధ్య తేడా ఎంత సన్ననిదో బయటపడటానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. బయటపెట్టినవాడు అదే ప్రయోగశాలకు స్విఫ్ట్ తర్వాత పెద్దగా వచ్చిన మెక్లిన్ మెకార్టీ. డీఎన్ఏయే వంశపారంపర్య పదార్థమని 1944లో ఏవరీతో కలిసి చూపించిన మనిషి. మట్టి క్రిముల ఎంజైముతో ఆయన ఏ గ్రూపు చక్కెర గొలుసు కొసలను కోశాడు. ఎన్-అసిటైల్ గ్లూకోసమైన్ ఊడివచ్చింది, దాంతో ఏ గ్రూపు సీరం దాన్ని గుర్తుపట్టడం మానేసింది. సి గ్రూపులో ఆ కొసన ఉండేది ఎన్-అసిటైల్ గెలాక్టోసమైన్. ఈ రెండు చక్కెరలకూ తేడా ఒక్క హైడ్రాక్సిల్ ఏ వైపు తిరిగి ఉందన్నదే. కుందేలు సీరం 1933లోనే ఆ తేడాను పట్టేసింది. దాన్ని నమ్మడానికి లాన్స్‌ఫీల్డ్‌కు రసాయన సూత్రం అవసరం పడలేదు.

ఎం ప్రోటీను కథ ఇంతకన్నా మలుపులున్నది. లండన్‌లో ఫ్రెడ్ గ్రిఫిత్ కూడా స్ట్రెప్టోకాకస్‌లను రకాలుగా విడదీస్తున్నాడు. గాజుపలక మీద సీరం చుక్కలో బ్యాక్టీరియా ముద్దకట్టడం ఆయన పరీక్ష. ఆయన రకాలూ ఈమె రకాలూ చాలాచోట్ల కలిశాయి, కొన్నిచోట్ల కలవలేదు. ఎవరిది తప్పు? ఆమె మళ్లీ ఎంజైమునే అడిగింది. ట్రిప్సిన్‌తో ఎం పోయాక కూడా కొన్ని బ్యాక్టీరియా ముద్దకడుతూనే ఉన్నాయి. అంటే పైపొర మీద ఇంకో ప్రోటీనుంది. దాన్ని టి అన్నారు. దాని గుణాలు ఎంకు సరిగ్గా తలకిందులు. ఎం వేడి ఆమ్లాన్ని తట్టుకుంటుంది, ట్రిప్సిన్‌కు లొంగిపోతుంది. టి ట్రిప్సిన్‌ను లెక్కచెయ్యదు, వేడి ఆమ్లంలో పోతుంది. ఎవరిదీ తప్పు కాదు, ఇద్దరూ చూసింది వేర్వేరు అణువులను. తర్వాత ఆర్ అనే మూడోది దొరికింది. అది ట్రిప్సిన్‌కు లొంగదు, పెప్సిన్‌కు లొంగుతుంది. గ్రిఫిత్ 1941లో లండన్ మీద పడ్డ బాంబుల్లో చనిపోయాడు.

ఇంకో చిక్కు. ఒకే నమూనాలో ఎం ఒకసారి కనబడి ఇంకోసారి కనబడకపోవడమూ ఉండేది. 1945లో అదే బృందంలోని స్టూవర్ట్ ఎలియట్ దీని కారణం పట్టుకున్నాడు. బ్యాక్టీరియా పెరిగే ద్రవం పులిసినకొద్దీ అది ప్రోటీన్లను కోసే సొంత ఎంజైమును బయటికి వదులుతుంది. ఆ ఎంజైము బ్యాక్టీరియా ఒంటి మీది ఎం ప్రోటీనునే తినేస్తుంది. కనబడలేదంటే లేదని కాదు, పరీక్షకు ముందే అరిగిపోయి ఉండొచ్చు. ఈ ఎంజైము పని చెయ్యని రూపంలో పుట్టి, తర్వాత కోతపడి పదునెక్కుతుందని కూడా తేలింది. స్పీబి అనే పేరుతో దాని మీద ఇప్పటికీ పరిశోధనలు నడుస్తున్నాయి.

రెండో ప్రపంచయుద్ధంలో శిబిరాల నుంచి నమూనాలు కుప్పతెప్పలుగా రావడం మొదలయ్యాక సీరం పొదుపు పెద్ద సమస్య అయింది. ఒక మంచి సీరం తయారవడానికి కుందేళ్లకు వారాల తరబడి సూదులు వెయ్యాలి. 1943లో స్విఫ్ట్, విల్సన్, లాన్స్‌ఫీల్డ్ పరీక్షను బాగా సన్నటి గాజుగొట్టంలోకి దించారు. గొట్టం కొసను సీరంలో ముంచితే దానంతటదే కొంత పైకెక్కుతుంది. కొసను శుభ్రంగా తుడిచి తేటనీటిలో ముంచితే అదీ ఎక్కుతుంది. మధ్యలో గాలిబుడగ రాకూడదు, గొట్టం మీద వేలిముద్ర ఉండకూడదు. ప్లాస్టిసిన్ ముద్దలో గొట్టాలను వరసగా నిలబెట్టి, నల్లటి తెర ముందు దీపం పెట్టి చూస్తే, సరిజోడు దొరికిన గొట్టంలో కొద్ది నిమిషాల్లో తెల్లటి పొర తేలుతుంది. ఒక చుక్క సీరంతో బోలెడు పరీక్షలు. చేతి ఒడుపు మీద నడిచే పద్ధతి ఇది. వర్ణన చదివి నేర్చుకునేది కాదు, చేసేవాళ్ల పక్కన నిలబడి నేర్చుకునేది.

ఎం ప్రోటీను ఎందుకు ముఖ్యమో కూడా ఆమె పనే చూపించింది. మన రక్తంలోని తెల్లకణాలు బ్యాక్టీరియాను మింగకుండా అడ్డుపడేది ఇదే. మనిషి తాజా రక్తంలో కొద్దిపాటి బ్యాక్టీరియా వేసి, గొట్టాన్ని తలకిందులుగా తిప్పుతూ మూడు గంటలు వెచ్చగా ఉంచి, తర్వాత లెక్కపెడతారు. ఎం ఉన్నది వందలరెట్లు పెరిగిపోతుంది. దానికి సరైన యాంటీబాడీ కలిపితే తెల్లకణాలు దాన్ని మింగేస్తాయి. రక్తమిచ్చే మనిషికి ఆ రకం జబ్బు మునుపు వచ్చి ఉండకూడదు, లేకపోతే పరీక్ష మొత్తం చెడుతుంది. 1959లో ఇదే పరీక్షతో, ఒకసారి సోకిన రకానికి పుట్టిన యాంటీబాడీలు కొందరిలో దశాబ్దాల తర్వాత కూడా ఉంటాయని చూపించింది. పాత సీరాలను, పాత నమూనాలను పారెయ్యకుండా దాచుకున్న మనిషి మాత్రమే చెయ్యగల పని అది. ఆమె వెనక మిగిల్చిన నమూనాలు ఆరువేల పైచిలుకు.

గ్రూప్ బిని కూడా ఆమె 1930లలోనే రకాలుగా విడదీసింది. అక్కడ రకాన్ని చెప్పేది చక్కెర గవుసే. అప్పట్లో అది పశువైద్యుల వ్యవహారం. 1970లలో అమెరికాలో అప్పుడే పుట్టిన పిల్లలను చంపే బ్యాక్టీరియాల్లో గ్రూప్ బి ముందు వరసకొచ్చినప్పుడు, డాక్టర్లకు కావలసిన వర్గీకరణ నలభై ఏళ్ల కిందటి వ్యాసాల్లో సిద్ధంగా ఉంది.

గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి. 1943లో అమెరికన్ బ్యాక్టీరియాలజిస్టుల సంఘానికీ, 1961లో ఇమ్యునాలజిస్టుల సంఘానికీ అధ్యక్షురాలైంది. రెండో సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలు ఆమే. తన సొంత సంస్థలో పూర్తిస్థాయి ప్రొఫెసర్ అవడానికి 1958 దాకా, అంటే చేరిన నలభై ఏళ్ల దాకా ఆగాల్సి వచ్చింది. నేషనల్ అకాడెమీ ఎన్నుకునేసరికి డెబ్బై అయిదేళ్లు. ఇందులో అన్యాయముందని నేను అనుకుంటాను. ఆమె మాత్రం 1980 చివర్లో పడిపోయి తుంటి ఎముక విరిగేదాకా రోజూ ప్రయోగశాలకు వెళ్తూనే ఉంది. 1981 మార్చిలో కన్నుమూసింది. 

ఈ సంగతులు మనకు దూరమైనవి కావు. గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు పిల్లవాడి కీళ్లు వాచి, జ్వరమొచ్చి, గుండె కవాటాలు దెబ్బతినడం తెలుగు ఊళ్లలో ఇప్పటికీ చూస్తున్న జబ్బే, అదే రుమాటిక్ జ్వరం. మూడు వారాలకోసారి పెనిడ్యూర్ (పెన్సిలిన్) సూది వేయించుకునే పిల్లలు మన ఆసుపత్రుల్లో ఉన్నారు. వాళ్లకు డాక్టరు రాసే, స్ట్రెప్ సోకిన జాడను రక్తంలో వెతికే ఏఎస్ఓ పరీక్ష వెనక ఉన్న ఇ.డబ్ల్యూ. టాడ్, 1928లో లాన్స్‌ఫీల్డ్‌తో కలిసి వ్యాసం రాసినవాడే. ఈ జబ్బుకు టీకా మాత్రం ఇంకా రాలేదు. ఎం ప్రోటీను రకాలు రెండువందలు దాటాయి. పైగా దాని మీద పుట్టిన యాంటీబాడీల్లో కొన్ని గుండె కండరపు ప్రోటీన్లను కూడా పట్టుకుంటాయి. టీకా వెతికేవాళ్లు ఇప్పటికీ ఆమె వేసిన ఆ రెండు అక్షరాల చుట్టూనే తిరుగుతున్నారు, ఎం లేదా సి.

1933 నాటి ఆ వ్యాసం జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ మెడిసిన్‌లో ఉంది, పాతిక పేజీలు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మైక్రోబయాలజీ చదివే పిల్లలు పాఠ్యపుస్తకంలోని ఒక్క వాక్యంతో సరిపెట్టుకోకుండా దాన్ని మొదటినుంచి చివరిదాకా చదవాలి, ముఖ్యంగా పద్ధతులు రాసిన భాగం.